మందు మాన్పించాలంటే: ఒట్టు వేయించే ముందు ఇంట్లోవాళ్లు చేయాల్సిన పనులు

కార్తీక మాసం వచ్చిందంటే కోనసీమలోనూ, అటు భీమవరం, నరసాపురం వైపూ ఏడాదంతా తాగే మనుషులు చాలామంది అయ్యప్ప మాల వేసుకుంటారు. 41 రోజులు చుక్క ముట్టరు. మాల తీసిన రోజు సాయంత్రానికే కొందరు మళ్లీ మొదలుపెడతారు. అప్పుడు ఇంట్లోవాళ్లు అంటారు: "మాలలో ఉన్నన్నాళ్లూ మానగలిగాడుగా. అంటే కావాలనే తాగుతున్నాడన్నమాట." వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఈ ఒక్క మాట వల్ల ఎన్నో ఇళ్లలో వైద్యం ఏళ్ల తరబడి వాయిదా పడుతోంది.

ఆ 41 రోజుల్లో ఏం జరిగిందో చూడండి. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం. రోజూ తాగే వేళకి సరిగ్గా పూజ, భజన. పాత జట్టు దానంతటదే పక్కకు తప్పుకుంది. చిన్నాపెద్దా అందరూ "స్వామీ" అని గౌరవంగా పిలుస్తున్నారు. అతని పట్టుదలకి తోడు ఊరు ఊరంతా అతని తరఫున కాపలా కాసింది. మాల తీయగానే ఆ కాపలా ఒక్క పూటలో పోయింది. మెదడులో ఏళ్ల తరబడి వచ్చిన మార్పు మాత్రం పోలేదు.

ఇది రోజూ తాగే మనిషి ఉన్న ఇంటివాళ్ల కోసం రాస్తున్నాను. భార్య కావచ్చు, తల్లి కావచ్చు, అన్నదమ్ములు కావచ్చు. గంజాయి గురించి కూడా తర్వాత చెబుతాను. ముందు మెదడు సంగతి కాస్త తెలుసుకోండి, ఎందుకంటే ఆ తర్వాత చెప్పే ప్రతి పనికీ కారణం అక్కడే ఉంది.

ముందుగా: మెదడులో ఏం జరుగుతోందో తెలుసుకోండి

1954లో కెనడాలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల మెదడులో ఒక చోట సన్నని తీగ అమర్చి, మీట నొక్కితే అక్కడికి కొద్దిపాటి కరెంటు వెళ్లేలా చేశారు. ఎలుకలు ఆ మీటని గంటకి వందలసార్లు నొక్కాయి. తర్వాత జరిగిన ప్రయోగాల్లో ఆకలితో ఉన్న ఎలుకలు కూడా తిండి వదిలేసి మీట దగ్గరే ఉండిపోయాయి. అలాంటి దారులే మన మెదడులోనూ ఉన్నాయి. ఆకలేసినప్పుడు అన్నం, బిడ్డ నవ్వు, నలుగురి మెప్పు, ఇవన్నీ "ఇది బాగుంది, మళ్లీ చెయ్యి" అని గుర్తుపెట్టుకునేలా చేసేది ఆ దారులే. అందులో డోపమిన్ అనే రసాయనానిది ముఖ్యమైన పాత్ర. మద్యం, గంజాయి, నల్లమందు జాతికి చెందిన మత్తు నొప్పి మాత్రలు నేరుగా వెళ్లి ఆ దారుల్నే కదిలిస్తాయి.

రోజూ ఇలా జరుగుతుంటే మూడు చోట్ల మార్పు వస్తుంది. మొదటిది, సంతోషం తెలిసే చోట మెదడు స్పందన తగ్గిపోతుంది. అందుకే అతనికి పిల్లల ముచ్చట్లూ పండగలూ చప్పగా అనిపిస్తాయి. రెండోది, భయం, ఆందోళన పుట్టే చోటు అతిగా పనిచేస్తుంది. మందు లేకపోతే లోపల ఒకటే గాభరా. ఈ దశకి వచ్చినవాడు మజా కోసం తాగడం ఎప్పుడో మానేశాడు, మామూలుగా ఉండడం కోసం తాగుతున్నాడు. మూడోది, నుదుటి వెనక ఉండే భాగం. "వద్దు, రేపు పని ఉంది" అని ఆపేది అదే. అది బలహీనపడుతుంది. అంటే మానడానికి ఏ శక్తి కావాలో, దెబ్బతిన్నది సరిగ్గా అదే.

ఇంకొకటి కూడా ఉంది, ఇంట్లోవాళ్లకి అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకి దీపం వెలిగించి ఆ తర్వాత పళ్లరసం ఇచ్చేవాడు. మొదట్లో రసం నోట పడ్డప్పుడు వాటి మెదడులో డోపమిన్ కణాలు స్పందించేవి. అలవాటయ్యాక దీపం వెలగగానే స్పందించడం మొదలైంది. మనిషికీ అంతే. బెల్టు షాపు ముందు వెలిగే బల్బు, సాయంత్రం ఆరు గంటలు, ఫలానా స్నేహితుడి బండి హారను, వేయించిన చేప వాసన, చేతికి వచ్చిన కూలి డబ్బు. సీసా కళ్లపడక ముందే మెదడు అటు తిరిగిపోతుంది. చేలో నీరు ఒకసారి బోదె కోసుకున్నాక మళ్లీ వదిలినప్పుడల్లా ఆ దారినే పోతుంది కదా, ఇదీ అలాంటిదే. కొత్త బోదె తవ్వాలి, పాతదానికి గట్టు వేయాలి, గట్టు గట్టిపడేదాకా కాపు కాయాలి.

అందుకే ఉదయం "ఇవాళ్టి నుంచి ముట్టుకోను" అని అతను అన్నప్పుడు, చాలాసార్లు అది నిజంగానే అన్నాడు. సాయంత్రానికి ఆ మాట నిలవలేదంటే పొద్దున అబద్ధమాడాడని కాదు.

ఇది జబ్బేనా, చెడ్డ అలవాటా అన్న వాదన పండితుల్లోనూ ఉంది. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కి అలవాటుపడ్డ అమెరికా సైనికుల గురించి లీ రాబిన్స్ చేసిన అధ్యయనంలో, ఇంటికొచ్చాక వాళ్లలో చాలా కొద్దిమందే మళ్లీ దానికి బానిసయ్యారని తేలింది. చోటు మారింది, మనుషులు మారారు, దొరకడం తగ్గింది. మన మాల సంగతీ ఇదే చెబుతోంది. మెదడు దెబ్బతిన్న మాటా నిజమే, చుట్టూ ఉన్న ఏర్పాటు బలమూ నిజమే. నా దృష్టిలో ఈ రెంటికీ తగువు లేదు. డాక్టరు మందులు మొదటిదాన్ని చూస్తాయి, రెండోది చూసుకోవాల్సింది మీరు.

మన చట్టం కూడా దీన్ని జబ్బుగానే చూస్తోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన నిర్వచనంలో మద్యం, మత్తుపదార్థాల వాడకం వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఉన్నాయి.

జబ్బు అన్నంత మాత్రాన చేసిందంతా మాఫీ అని కాదు. తాగి కొట్టడం జబ్బు లక్షణం అని ఎవరైనా సర్దిచెబితే వినకండి. మీ మీద, పిల్లల మీద చెయ్యి పడుతుంటే ముందు మీరు క్షేమంగా ఉండే చోటికి వెళ్లండి. 112కి గానీ, మహిళల సహాయానికి 181కి గానీ ఫోన్ చేయండి. వైద్యం మాట తర్వాత.

ఒక వారం లెక్క రాయండి

పిల్లల పాత నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. ఏడు రోజులు, రోజుకో పేజీ. ఎన్ని గంటలకి మొదలైంది, ఏం తాగాడు, ఎంత, ఎవరితో, ఆ రోజు అన్నం తిన్నాడా, రాత్రి ఎన్నింటికి నిద్రపోయాడు, పొద్దున లేవగానే ఎలా ఉన్నాడు. వ్యాఖ్యానాలు వద్దు, తిట్లు అసలే వద్దు. "మంగళవారం. కూలి డబ్బు వచ్చింది. సాయంత్రం ఆరున్నర నుంచి. క్వార్టర్లు రెండు. అన్నం తినలేదు. పొద్దున టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు." ఇంత చాలు.

ఆ టీ గ్లాసు సంగతి తప్పక చూడండి. పొద్దున్నే గ్లాసు ఎత్తితే అంచు దాటి ఒలుకుతోందా? ఒలక్కుండా గ్లాసు కింద ఇంకో చెయ్యి పెడుతున్నాడా? సంతకం పెట్టాలంటే మధ్యాహ్నం దాకా ఆగుతున్నాడా? చొక్కా గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడా? లేవగానే ఒక గుక్క వేస్తే ఇవన్నీ సర్దుకుంటున్నాయా? అలాగైతే శరీరం మద్యం మీద ఆధారపడిపోయిందని అర్థం. తర్వాత చెప్పే జాగ్రత్తలు అతనికి మరీ ముఖ్యం.

"ఒక్క క్వార్టరే కదా" అనే మాటకి లెక్క చూడండి. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర బ్రాందీ, విస్కీలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. అంటే ఒక క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్ష పత్రంలో ఒక డ్రింకు అంటే 10 గ్రాములు. అంటే ఒక క్వార్టర్ ఆరు డ్రింకులు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతందైతే నాలుగు డ్రింకులు. కాబట్టి "బీరే కదా" అనే మాట కూడా నిలవదు. కల్లుకి ఇలా ఖచ్చితంగా లెక్క కట్టలేం, పులిసే కొద్దీ మారిపోతుంది. ఎన్ని ముంతలో రాయండి చాలు.

ఒక్కసారిగా ఆపించకండి

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. రోజూ గట్టిగా తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేయడం, గుళ్లో ఒట్టు వేయించి ఆ పూట నుంచే బంద్ చేయించడం ప్రాణం మీదికి తేవచ్చు.

కారణం ఇదీ. మద్యం మెదడుని నెమ్మదింపజేస్తుంది. రోజూ అలా జరుగుతుంటే మెదడు దాన్ని తట్టుకోవడానికి ఉద్రేకపరిచే సంకేతాలు పెంచుకుంటుంది. మద్యం హఠాత్తుగా ఆగితే నెమ్మదింపజేసేది పోతుంది, ఉద్రేకం మాత్రం మిగులుతుంది. చివరి గుక్క తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. ఎక్కడున్నాడో తెలీదు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, చనిపోయినవాళ్లతో మాట్లాడతాడు, ఒళ్లు కాలిపోతుంది. దీన్ని డెలిరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స అందకపోతే చనిపోవచ్చు. మన ఊళ్లలో దీన్ని చూసి గాలి సోకిందని తాయెత్తు కట్టించినవాళ్లున్నారు. తాయెత్తు కట్టుకుంటే కట్టుకోనివ్వండి, కానీ ముందు 108కి ఫోన్ చేయండి.

ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, తాళాలు, నీళ్లు ఏవీ పెట్టకండి. ఎన్ని నిమిషాలు కొట్టుకున్నాడో గడియారం చూడండి.

వేరే కారణంతో ఆసుపత్రిలో చేరినప్పుడు కూడా ఇదే ప్రమాదం ఉంది. బండి మీద నుంచి పడి కాలు విరిగిందనుకోండి, చేరిన మూడో రోజు అతను సెలైన్ గొట్టాలు పీకేసి అరుస్తాడు. చేర్చిన గంటలోనే నర్సుకి చెప్పండి: "ఈయన రోజూ తాగుతారండి, చివరగా నిన్న రాత్రి తాగారు." సిగ్గుపడి దాచారంటే నష్టం అతనికే.

డాక్టర్లు ఈ దశలో క్లోర్‌డయాజిపాక్సైడ్, లోరాజిపామ్ లాంటి మందులిచ్చి, మోతాదు రోజురోజుకీ తగ్గిస్తూ దాటిస్తారు. దుకాణంలో అలాంటి మాత్రలు కొని మీరే ఇవ్వకండి. మద్యంతో కలిస్తే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు నీరసంగా ఉన్నాడని గ్లూకోజ్ సీసా పెడతానంటే ముందు బి1 విటమిన్ ఇవ్వాలేమో అడగండి. తిండి మానేసి తాగే మనిషిలో బి1 విటమిన్ అడుగంటుతుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకి శాశ్వత నష్టం జరగవచ్చు. చూపు అదోలా ఉండడం, అడుగు తడబడడం, అయోమయం, ఈ మూడిట్లో ఏది కనిపించినా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

మాల వేసుకుంటానంటే సంతోషించండి. కానీ రోజూ తాగే మనిషైతే ఒక వారం ముందే డాక్టరుకి చూపించి, మందుల తోడుతో మాన్పించి, ఆ తర్వాత వేయించండి. కొబ్బరి దింపుకి వెళ్లేవాళ్లైతే మానిన మొదటి వారాల్లో చెట్టు ఎక్కనివ్వకండి. పడవ, ట్రాక్టరు పని కూడా డాక్టరు సరేననేదాకా వద్దు.

కూరలో కలిపే పొడి జోలికి పోకండి

"తెలీకుండా పెట్టండి, వారంలో మానేస్తాడు" అంటూ పొడి అమ్మేవాళ్లు ప్రతి సంతలోనూ, ఇప్పుడు ఫోన్లోనూ దొరుకుతున్నారు. అందులో ఏముందో మీకు తెలీదు. డైసల్ఫిరామ్ అనే మందైతే, అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ఎసిటాల్డిహైడ్ అనే పదార్థం పేరుకుంటుంది. మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాడు చనిపోవచ్చు. డైసల్ఫిరామ్ మంచి మందే, 1940ల చివర నుంచీ వాడుకలో ఉంది. కానీ తాగితే ఏమవుతుందో రోగికి చెప్పి, అతని ఒప్పుకోలుతో, ఇంట్లో ఒకరు దగ్గరుండి రోజూ వేయిస్తేనే అది మందు. చెప్పకుండా పెడితే విషం.

ఇంకో నష్టం కూడా ఉంది. కూరలో ఏదో కలిపారని ఒకసారి అనుమానం వచ్చిందా, ఆ ఇంట్లో అన్నం కూడా నమ్మి తినడు. రేపు ఆసుపత్రికి రమ్మంటే రాడు.

మాట్లాడే వేళ, మాట్లాడే తీరు

రాత్రి తాగి వచ్చినప్పుడు ఒక్క మాట కూడా వద్దు. ఆ వేళ ఆపే భాగం పనిచేయడం లేదు, పొద్దుటికి ఏదీ గుర్తుండదు. ఉదయం టీ తాగి కాస్త తేరుకున్నాక కూర్చోండి. పెద్దల్ని పోగుచేసి పంచాయతీ పెట్టొద్దు. నలుగురిలో సిగ్గు ఎక్కువైతే ఆ సాయంత్రం ఇంకో క్వార్టర్ ఎక్కువ పడుతుంది. అతను గౌరవించే మనిషి ఒక్కరు చాలు, బావగారో మేనమామో.

ఆరోపణలు వదిలేసి కంటితో చూసింది చెప్పండి. అడిగేది ఒక్కటే ఉండాలి, దానికో రోజు కూడా ఉండాలి. ఇలా:

"ఏవండీ, నిన్న రాత్రి మీరు కేకలేస్తే బాబు మంచం కిందకి దూరిపోయాడండి. పొద్దున స్కూలుకెళ్లనంటున్నాడు. మీ చేతులు కూడా వణుకుతున్నాయి. నాకు భయంగా ఉందండి. గురువారం కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్దాం. ఓపీ చీటీ నేను తీయిస్తాను."

"నాకేం జబ్బు లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేస్తా" అంటారు. వాదించకండి. "సరేనండి. రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదంటున్నారుగా, అన్నం సహించట్లేదుగా. దాని గురించే అడుగుదాం. డాక్టరు గారు ఏం లేదంటే నా టెన్షన్ కూడా పోతుంది." తాగుడు పేరెత్తితే రానివాళ్లు నిద్ర కోసం, లివర్ పరీక్ష కోసం వస్తారు. వచ్చాక మిగతాది డాక్టరు చూసుకుంటారు.

తల్లులకి ఒక మాట. "నా మీద ఒట్టు, మీ నాన్న మీద ఒట్టు" అని కొడుకు చేత చేయించకండి. ఒట్టు తప్పిన రోజు వాడికి తాగిన బాధతో పాటు అమ్మ మీద ఒట్టు తప్పిన బాధ కూడా తోడవుతుంది. ఆ బాధ దించుకోవడానికి వాడికి తెలిసిన దారి మళ్లీ అదే. దానికి బదులు "నాన్నా, రేపు నాతో డాక్టరు దగ్గరికి రా" అనండి. ఒక్క రోజు, ఒక్క పని.

ఎక్కడికి తీసుకెళ్లాలి

కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసి, 2019లో నివేదిక ఇచ్చిన దేశవ్యాప్త సర్వేలో, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్సో సహాయమో అందిందని తేలింది. మిగతా 37 మంది ఇళ్లలో ఏం నడుస్తుందో మనకి తెలుసు.

బయల్దేరే ముందు ఫోన్ చేసి అడగాలంటే, మత్తు నుంచి బయటపడడానికి కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 14446. మానసిక సమస్య ఏదైనా మాట్లాడడానికి టెలీ మానస్ 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మీకు దగ్గర్లో ఏ ప్రభుత్వాసుపత్రిలో ఈ వైద్యం ఉందో టెలీ మానస్‌లోనే అడగండి. "సైకియాట్రీ అంటే పిచ్చాసుపత్రి" అని జంకకండి. ఇది మెదడుకి సంబంధించిన జబ్బని ఇంతసేపూ చెప్పుకున్నాం, చూడాల్సింది ఆ డాక్టరే.

నోట్‌బుక్, ఇంట్లో ఉన్న పాత మందు చీటీలు, ఆధార్, ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు పట్టుకెళ్లండి. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా, కామెర్లు వచ్చాయా, చనిపోవాలన్న మాట ఎప్పుడైనా అన్నాడా, ఈ మూడూ అడక్కపోయినా చెప్పండి.

వణుకు దశ దాటాక వైద్యం అయిపోయిందనుకోకండి, అక్కడే మొదలవుతుంది. నాల్‌ట్రెక్సోన్ తాగినప్పుడు కలిగే సుఖాన్ని తగ్గిస్తుంది. అకాంప్రోసేట్ మానినవాళ్లకి మళ్లీ తాగాలన్న తహతహ తగ్గిస్తుంది, కిడ్నీలు చూసి ఇస్తారు. లివర్ దెబ్బతిన్నవాళ్లకి కొందరు డాక్టర్లు బాక్లోఫెన్ రాస్తారు. ఏదైనా నెలల తరబడి వాడాల్సిందే. "బాగానే ఉన్నాడుగా" అని నెలకే ఆపేస్తే కట్టిన గట్టు తెంపినట్టే. మందులతో పాటు కౌన్సెలింగ్ కూడా అడగండి.

ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్లో చేర్చాలనుకుంటే డబ్బు కట్టకముందే లోపల చూడండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ పత్రం చూపించమనండి. సైకియాట్రిస్ట్ ఎన్నాళ్లకోసారి వస్తారో, మీరు ఫోన్ చేసి అతనితో మాట్లాడవచ్చో అడగండి. "మూడు నెలలు ఎవర్నీ కలవనివ్వం" అంటే లేచి వచ్చేయండి. గొలుసులు వేయడం 2017 చట్టం ప్రకారం నిషేధం. కొట్టి మాన్పించే చోట మనిషి భయంతో ఊరుకుంటాడు, మెదడు మాత్రం బాగుపడదు.

ఇంటి చుట్టూ ఏర్పాటు మార్చండి

మాల చేసి పెట్టిన పనిని ఇప్పుడు ఇంట్లోవాళ్లు చేయాలి. నోట్‌బుక్ మళ్లీ తిరగేయండి. ఏ వేళ, ఏ దారి, ఏ మనిషి, ఏ డబ్బు అన్నది అందులోనే కనిపిస్తుంది.

కూలి డబ్బు చేతికి రాకుండా బ్యాంకు ఖాతాలో పడేలా మేస్త్రీతో మాట్లాడండి. ఇది అతని ఒప్పుకోలుతోనే జరగాలి, ఏటీఎం కార్డు లాక్కుంటే గొడవ తప్ప ఫలితం ఉండదు. ఇంటికొచ్చే దారిలో బెల్టు షాపు ఉంటే మొదటి నెలల్లో వేరే గట్టు మీదుగా రమ్మనండి, లేకపోతే ఎవరైనా ఎదురెళ్లండి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆ రెండు గంటలకి ఏదో ఒక పని ఉండాలి. భజన కావచ్చు, పిల్లల చదువు దగ్గర కూర్చోవడం కావచ్చు, పశువుల పని కావచ్చు. ఆకలితో ఉన్నా, కోపంలో ఉన్నా, ఒంటరిగా ఉన్నా, బాగా అలసిపోయినా తహతహ పెరుగుతుంది. అందుకే సాయంత్రం ఐదున్నరకే కడుపునిండా ఏదైనా పెట్టండి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ బాగా పనిచేస్తుంది.

రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్ల సంగతి వేరేగా చెప్పాలి. ఏరేటర్ల మోత, ఒంటరితనం, నిద్ర లేమి, గుడిసెలో ఎప్పుడూ ఒక సీసా. మానాలనుకునే మనిషికి ఇంతకంటే కష్టమైన చోటు లేదు. కనీసం కొన్ని నెలలు పగటి పనికి మార్చమని యజమానిని అడగండి. పట్టుబడి రోజు చేతినిండా డబ్బు, పార్టీ రెండూ ఉంటాయి. ఆ రోజు అతని పక్కన ఒకరుండాలి. సంక్రాంతికి బరుల దగ్గర ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. మొదటి ఏడాది ఆ మూడు రోజులూ కుటుంబమంతా వేరే ఊళ్లో, తాగని బంధువుల ఇంట్లో గడపడం మంచిది. వైద్యం మీద ఇంత ఖర్చుపెట్టి ఆ మూడు రోజుల్లో పోగొట్టుకున్న ఇళ్లు ఉన్నాయి.

బెల్టు షాపు బాకీ మీరు తీర్చకండి. పనికి రాలేదని యజమాని ఫోన్ చేస్తే "జ్వరమండి" అని అబద్ధం చెప్పకండి. కానీ అన్నం, మంచం, పలకరింపు మాత్రం ఆపకండి.

ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే మానినవాళ్ల సంఘం 1935లో అమెరికాలో మొదలైంది, మన దేశంలో కూడా నడుస్తోంది. ఫీజు ఉండదు. తాగి మానినవాడు చెప్పిన మాట మీ మాట కంటే, నా మాట కంటే అతనికి బాగా ఎక్కుతుంది.

కుర్రాళ్లు, గంజాయి

ఏజెన్సీ నుంచి గంజాయి హైవే మీదుగా దిగుతూ మన కాలేజీల దాకా వస్తోంది. "ఆకే కదా, సహజమే కదా" అని కుర్రాళ్లు అంటారు. మెదడులో నుదుటి వెనక భాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. ఆ లోపు రోజూ గంజాయి తాగితే చదువు, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయి. కొందరికి లేని మాటలు వినిపించడం, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారన్న అనుమానం మొదలవుతాయి. ఇంట్లో ఎవరికైనా అలాంటి మానసిక జబ్బు ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. గంజాయి మానితే మద్యంలాగా సాధారణంగా ప్రాణం మీదికి రాదు. చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం రెండు వారాల దాకా ఉంటాయి. ఆ రెండు వారాలు వాడితో గొడవ పెట్టుకోకండి.

కేసు అవుతుందన్న భయంతో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లనివాళ్లు చాలామంది. 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడకానికి అలవాటుపడ్డ మనిషి తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో వైద్యానికి ఒప్పుకుంటే, వాడకం, చిన్న మొత్తం కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్ల సమాచారం చెప్పాలంటే రాష్ట్రంలో 1972 నంబరు ఉంది.

మళ్లీ తాగితే

చాలామంది తాగుతారు. ఇది ముందే తెలిసి ఉంటే ఆ రోజు మీరు కుప్పకూలిపోరు. ఆ రాత్రి ఏమీ అనకండి. పొద్దున అడగండి: "నిన్న ఏం జరిగిందండి, ఎవరు కలిశారు, ఏ వేళకి?" నోట్‌బుక్‌లో రాయండి. గట్టు ఎక్కడ తెగిందో అక్కడ కనిపిస్తుంది. మందులు ఆపేశాడా చూడండి. ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయండి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. కొన్ని రోజులు వరసగా తాగేసి ఉంటే మళ్లీ ఒక్కసారిగా ఆపించడం ప్రమాదమే, మొదట్లో చెప్పిన జాగ్రత్తలన్నీ మళ్లీ వర్తిస్తాయి.

మెదడు తేరుకోవడానికి సమయం పడుతుంది. కొన్ని మార్పులు వారాల్లో సర్దుకుంటాయి, కొన్నిటికి ఏడాది పైనే పడుతుంది. మానిన మూడో నెలలో మనిషి దిగాలుగా, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే "తాగినప్పుడే బాగున్నాడు" అనకండి. సంతోషం తెలిసే చోటు ఇంకా కోలుకుంటోంది. దిగులు మరీ ఎక్కువైతే, చావు మాట ఎత్తితే, అది వేరే వైద్యం కావాల్సిన విషయం, అదే డాక్టరుకి వెంటనే చెప్పండి.

పిల్లలకి నిజం చెప్పండి, వాళ్ల వయసుకి తగ్గట్టు. "నాన్నకి ఒంట్లో బాగోలేదు, వైద్యం చేయిస్తున్నాం, ఇది నీ వల్ల కాదు" అంటే ఏడేళ్ల పిల్లకైనా అర్థమవుతుంది. ఈ జబ్బు రావడంలో దాదాపు సగం వంశపారంపర్యమని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి పెద్దపిల్లలకి ఇంకో మాట కూడా చెప్పాలి: స్నేహితులు తాగినంతే తాగినా మీకు ప్రమాదం వాళ్లకంటే ఎక్కువ, అసలు మొదలుపెట్టకపోవడమే మేలు.

మీ నిద్ర, మీ తిండి, మీ బీపీ మాత్ర సంగతి కూడా చూసుకోండి. 14416కి మీ కోసం కూడా ఫోన్ చేయొచ్చు, అది రోగులకి మాత్రమే పెట్టిన నంబరు కాదు.